తూటు సూటిగా పడాల

పామిడిలో పాత డ్రిల్లింగ్ మిషను బాగు చేస్తున్నామంటే విన్నవాళ్లందరూ ఒకటే అడిగారు. "ఎన్ని అడుగులు పోతాది?"

వాళ్లను తప్పు పట్టలేం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే జిల్లా ఇది. ఇక్కడ డ్రిల్లు అంటే బోరు బండి. దాని చప్పుడు వినబడితే పక్క చేను రైతు కూడా పని ఆపి వచ్చి నిలబడతాడు. మేం బాగు చేసింది షెడ్డు మూల స్తంభంలా నిలబడి ఇనుముకు తూట్లు వేసే పిల్లర్ డ్రిల్లును. అది దిగేది మహా అయితే నాలుగంగుళాలు. అడిగిన పెద్దాయనకు ఆ మాటే చెబితే, "నాలుగంగుళాలకు ఇంత పొడుగు మిషనా?" అని నవ్వాడు. కాసేపాగి, "అయినా మేలేలే. ఇది తూటు ఏస్తే తూటు పడతాది" అన్నాడు. ఆయన చేన్లో రెండు బోర్లు ఎండిపోయాయట.

గుత్తికీ అనంతపురానికీ మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీద, పెన్న ఒడ్డున ఉంటుంది పామిడి. భోగేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లు కొందరైతే, నైటీలు టోకున కొనుక్కుపోవడానికి వచ్చేవాళ్లు మరికొందరు. కుట్టు మిషన్ల చప్పుడు మధ్య సుత్తి చప్పుడు ఎవరికీ పట్టదు. కానీ కుట్టు మిషను స్టాండు విరిగినా, ట్రాలీ డోరు ఊడినా, బోరు పైపు బిగించే క్లాంపు కావాలన్నా వెళ్లేది రోడ్డు పక్క షెడ్డుకే. నాకు వరసకు మామ అయ్యే మేస్త్రిది అలాంటి షెడ్డు. ఒక వెల్డింగు సెట్టు, ఒక గ్రైండరు, ఒక చిన్న లేతు, వెనక మూల ఈ డ్రిల్లు. దాని మోటారు కాలిపోయి చాలా ఏళ్లయింది. ముందు దాని మీదికి సిమెంటు సంచులు చేరాయి, తర్వాత పాత సైలెన్సరు, చివరికి గుడ్లు పెట్టడానికి ఒక కోడి.

ఇన్నేళ్లూ పనులు ఆగలేదు. చేతి డ్రిల్లుతో నెట్టుకొచ్చారు. చేతి డ్రిల్లు తూటు వేస్తుంది, కానీ ఆ తూటు నిటారుగా ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ట్రాక్టరుకు తగిలించే వేరుశనగ గొర్రు సంగతే చూడండి. చట్రానికి ఒక తూటు, దాని కింద పళ్లు బిగించే పట్టీకి ఒక తూటు. రెండూ ఎదురెదురుగా ఉంటేనే బోల్టు దిగుతుంది. ఒకటి కాస్త వాలిందంటే బోల్టు మధ్యలో తన్నుకుంటుంది. అప్పుడు గ్యాసు కట్టరుతో తూటును వెడల్పు చేసి, వాచరు వేసి బిగిస్తారు. అది నాలుగు సాళ్లు పోయేసరికి వదులవుతుంది. పన్ను పక్కకు జరిగితే సాలు వంకరపోతుంది. సాళ్లు వంకరైతే కలుపు తీయడానికి తోలిన గుంటక చెట్టును కూడా పీకేస్తుంది. అదును వాన ఒక్కటే పడే చోట, రెండోసారి విత్తే స్తోమత ఎంతమందికి ఉంటుంది? షెడ్డులో ఒక మిల్లీమీటరు తప్పితే చేన్లో ఎంత పోతుందో మామకు బాగా తెలుసు. అందుకే పోయిన వేసవిలో పాత ఇనుము కొనేవాడు వచ్చి మిషను చుట్టూ తిరిగి, తూకం రాయి తెస్తానన్న రోజున మామ మనసు మారింది.

"పోతపోసిన ఇనుమప్పా ఇది. సావదు. మనమే సంపుతాండాం" అన్నాడు.

ఇంతకీ ఆ మిషను ఏ కంపెనీదో తెలియదు. పేరుపలక ఉండాల్సిన చోట రెండు రివిట్ల తూట్లు మాత్రం మిగిలాయి. అది ఒక్క మా మిషను కథ కాదు. పంజాబ్‌లోని బటాలా, గుజరాత్‌లోని రాజ్‌కోట్ వైపు నుంచి చిన్న షెడ్లకు చేరిన డ్రిల్లుల్లో చాలావాటికి పేరు కంటే కొలతే గుర్తింపు. 13 ఎం.ఎం. మిషను, 19 ఎం.ఎం. మిషను, 25 ఎం.ఎం. మిషను అంటారు. ఉక్కులో అది వేయగల పెద్ద తూటు కొలత అది. మాది 25.

పేరున్న వంశాలూ మనకు ఉన్నాయి. సికింద్రాబాద్ కవాడిగూడలో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ వాటిలో ఒకటి. యుద్ధకాలంలో మొదలై, తర్వాత ప్రభుత్వ రంగంలోకి వచ్చిన సంస్థ. మనకు ఇటు పక్క తుంగభద్ర ఒడ్డున హరిహర్‌లో 1941లో మైసూర్ కిర్లోస్కర్ వచ్చింది. మా వైపు పాత మేస్త్రీలు లేతు అనగానే ఆ పేరే ఎత్తుతారు. 1953లో బెంగళూరులో హెచ్.ఎం.టి. పెట్టారు. మనలో చాలామందికి అది చేతి గడియారం కంపెనీ. దాని పేరులో ఉన్నది మాత్రం మిషన్లను తయారుచేసే మిషన్లు. గడియారం ఆగితే బీరువాలో దాచుకున్నాం, డ్రిల్లు ఆగితే తూకానికి వేశాం. ఇందులో న్యాయం నాకు కనిపించదు.

విప్పడం మొదలుపెట్టిన రోజు మామ నన్ను ముట్టుకోనివ్వనిది ఒక్కటే. పిడి వదిలేస్తే, బిట్టును తిప్పే ఇరుసును, అంటే స్పిండిల్‌ను, తనంతట తాను పైకి లాగే స్ప్రింగు. గడియారం స్ప్రింగులాగే పట్టీ ఉక్కును చుట్టలు చుట్టి ఒక డబ్బాలో బిగించి ఉంటుంది. "పాము సుట్ట సుట్టుకున్నట్ల ఉంటాది. మూత తీస్తే కాటేస్తాది" అని హెచ్చరించి, మందపాటి గోనెపట్ట కప్పి, ఒక్కో చుట్టే వదులు చేశాడు. ఇంటర్నెట్లో చూసి సొంతంగా మిషన్లు విప్పే ఉత్సాహవంతులకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు కరెంటు తీసేయాలి, తర్వాత స్ప్రింగుకు భయపడాలి.

తక్కినదంతా మురికి. మా ఎర్రమట్టి దుమ్ము, నలభై ఏళ్ల నూనె కలిసి తారులా గడ్డకట్టిన మడ్డి. కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్క ముక్కతో గీకాం. ఇనుప గీకుడు పెడితే నునుపు చేసిన చోట్ల గీతలు పడతాయి. తుడవడానికి వేరే ఊళ్లో అయితే వేస్టు దారం కొంటారు. పామిడిలో ఆ ఖర్చు లేదు. కత్తిరింపుల్లో మిగిలిన నైటీ గుడ్డలు బస్తాలకు బస్తాలు దొరుకుతాయి. గులాబీ పువ్వులు, నెమలి ఈకలు అచ్చేసిన గుడ్డలన్నీ సాయంత్రానికి నల్లబడ్డాయి. ఆ మడ్డి కింద ఇనుము శుభ్రంగా ఉంది. కాకినాడ, మచిలీపట్నం గాలికైతే ఇన్నేళ్లలో తుప్పు ఇనుమును లోపలికంటా తినేసి ఉండేది. ఇక్కడి పొడి గాలి పంటకు ఎంత చెడ్డదో, పాత మిషనుకు అంత మంచిది. కరువు చేసిన మేలు ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే ఇకమీదట చెప్పడానికి ఒకటి దొరికింది.

పిడులకూ బోల్టులకూ పట్టిన తుప్పుకు మా అత్త చింతపండు పులుసు ఇచ్చింది. ఇత్తడి బిందె తోమే గుజ్జే. అందులోని పులుపు ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. పది నిమిషాలు ఆలస్యమైతే పసుపు రంగు తుప్పు మళ్లీ మొలుస్తుంది. మొండి ముక్కలకు ప్లాస్టిక్ బకెట్లో చాకలి సోడా నీళ్లు కలిపి, ట్రాక్టరు బ్యాటరీ ఛార్జరు తగిలించాం. మైనస్ తీగ తుప్పు పట్టిన ముక్కకు, ప్లస్ తీగ పనికిరాని ఇనుప రేకుకు. ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె ముక్క మాత్రం పెట్టకూడదు. అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలో కలుస్తుంది. బుడగలుగా పైకి వచ్చేది హైడ్రోజన్ కాబట్టి పక్కన బీడీ కూడా ముట్టించరాదు. స్ప్రింగును ఇందులో వేయలేదు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసుబారి విరిగే ప్రమాదం ఉంది.

బేరింగులు మార్చక తప్పలేదు. బేరింగు నంబరు చదవడం చిన్నపిల్లలకు కూడా నేర్పవచ్చు. 6205 అని ఉంటే చివరి రెండంకెలను 5తో గుణించాలి. 25. అంటే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైనున్న మామూలు బేరింగులకు ఈ లెక్క సరిపోతుంది. ఏ దేశంలో తయారైనా అదే నంబరు, అవే కొలతలు. పేరు లేని మన మిషనుకు బేరింగులు అనంతపురంలో పూటలో దొరకడానికి కారణం ఇదే.

అసలు కష్టం స్పిండిల్ దగ్గర వచ్చింది.

డ్రిల్లు బిట్టునో, బిట్టును దవడలతో బిగించే చక్కునో పట్టుకునే స్పిండిల్ లోపలి రంధ్రం సన్నగా కోసుకుపోతూ ఉంటుంది. సుమారు ఇరవై మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు చొప్పున తగ్గుతుంది. దీన్ని మోర్స్ టేపర్ అంటారు. టెలిగ్రాఫు మోర్స్‌కూ దీనికీ సంబంధం లేదు. ఈయన అమెరికాకు చెందిన స్టీఫెన్ మోర్స్. ఇవాళ మనం వాడే మెలికల డ్రిల్లు బిట్టుకు 1863లో పేటెంటు పొందినాయన. ఆ టేపర్‌లో మరలు లేవు, బోల్టు లేదు. శుభ్రమైన రెండు టేపర్లు ఒకదాన్నొకటి కరుచుకుంటే, ఆ ఒరిపిడే బిట్టును తిప్పుతుంది. తీయాలంటే పక్కనున్న గాడిలో సీల పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. ఇంత తెలివైన పనిని చెడగొట్టేది చిన్న ఇనుప రజను. అది లోపల ఉండగా చక్కు ఎక్కిస్తే గోడకు గాటు పడుతుంది. గాటు అంచు గుబ్బలా లేస్తుంది. అక్కణ్నుంచి బిట్టు నడుం తిప్పుతూ ఆడుతుంది.

గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు డయల్ గేజి పట్టుకొచ్చారు. స్పిండిల్‌ను చేత్తో తిప్పుతుంటే గేజి ముల్లు గంగిరెద్దులా తల ఊపింది. గుబ్బ ఎక్కడుందో తెలియాలి. దానికి నీలం రంగు పేస్టు రాసి చూస్తారు. ఆ రోజు ఆ పేస్టు దొరకలేదు. "ఆముదం కాటుక ఉంటే తేపో" అన్నారాయన. మామ మనవరాలి కాటుక డబ్బీ వచ్చింది. మంచి టేపర్ కడ్డీకి పల్చగా కాటుక పూసి, స్పిండిల్లోకి తోసి, కొంచెం తిప్పి తీశారు. తీసిన కడ్డీ మీద ఒకే చోట కాటుక చెరిగిపోయి ఇనుము మెరిసింది. ఎదురుగా స్పిండిల్లో ఉన్న గుబ్బ అదే. సన్న రాయితో రుద్దడం, కాటుక పూయడం, చూడడం. మళ్లీ రుద్దడం. అలా ఒక పగలంతా గడిచింది. ఎక్కువ రుద్దితే రంధ్రమే పాడవుతుంది కాబట్టి ఆ పెద్దాయన నాలుగు రుద్దులకోసారి టీ తాగారు. అది సోమరితనమనుకున్నాను. చెయ్యి వేగం పట్టకుండా ఉండటానికట. సాయంత్రానికి కాటుక పొడవునా సమంగా చెరిగింది. ముల్లు దాదాపు నిలబడింది.

చక్కు మాత్రం కొత్తది కొన్నాం. దవడలు అరిగిపోయిన చక్కును బాగు చేసే ఓపిక ఎవరికీ లేదు, అవసరమూ లేదు. పళ్లున్న తాళంచెవితో మూడు దవడలనూ ఒకేసారి బిగించే ఈ చక్కు 1902లో అమెరికాలో ఆర్థర్ జేకబ్స్ పేటెంటు. పాత రకం చక్కును బిగిస్తుంటే పానా జారి ఆయన వేళ్లు చెక్కుకుపోయాయని, ఆ కోపంలోంచే ఇది పుట్టిందని చెబుతారు. చెవిని చక్కులోనే వదిలేసి స్విచ్ వేసినవాళ్లకు మాత్రం జేకబ్స్ కూడా సాయం చేయలేడు. మా షెడ్డులో ఇప్పుడు ఆ చెవి గొలుసుతో స్విచ్ బోర్డు కిందే వేలాడుతోంది.

తర్వాత వచ్చింది తగాదా. బల్ల గురించి.

పని ముక్కను పెట్టే ఇనుప బల్ల మీద డ్రిల్లు దిగిన గాట్లు ముప్పై దాకా ఉన్నాయి. తూటు పూర్తయ్యాక చెయ్యి ఆపడం రాని ప్రతి కుర్రాడూ ఒక గుర్తు వదిలాడు. వాటిని వెల్డింగుతో పూడ్చి, నున్నగా తరిమెన పట్టించి కొత్తదానిలా చేద్దామన్నాడు మామ కొడుకు. వాడు ఫోన్లో చూసే వీడియోల్లో అలాగే చేస్తారు. చివర్లో మిషను అద్దంలా మెరుస్తుంది, పాట వస్తుంది. మామ ఒప్పుకోలేదు. పోత ఇనుముకు వెల్డింగు వేడి తగిలితే బల్ల పగలొచ్చు, వంగొచ్చు. పని చేసే భాగం చదునుగా ఉన్నప్పుడు గాట్లు ఎవరికి అడ్డం? అది ఆయన వాదన. నేను దానికి ఇంకో మాట కలుపుతాను. అందులో ఒక లోతు గాటును చూపించి, "ఇది నాది. మా నాయన చేతిలో నా చెంప పగిలింది ఆ పొద్దు" అన్నాడాయన. దాన్ని పూడ్చి ఏం సాధిస్తాం? గాట్ల అంచుల్లో లేచిన ముళ్లను మాత్రం ఆకురాయితో తీసి వదిలేశాం.

రంగు విషయంలో మామ కొడుకే గెలిచాడు. పాత బూడిద రంగు వేద్దామంటే వినలేదు, ట్రాక్టరు నీలం కొట్టాడు. ఏం చేస్తాం, షెడ్డు రేపు వాడిది.

బల్ల స్పిండిల్‌కు సరిగ్గా అడ్డంగా ఉందో లేదో చూడటానికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు. చక్కులో ఒక కమ్మిని వంచి బిగించి, కొన బల్లకు తగిలీ తగలనట్టు పెట్టాలి. చేత్తో మెల్లగా తిప్పుతూ నాలుగు దిక్కులా కమ్మి కింద క్యాలెండరు కాగితం దూర్చి చూడాలి. వెనక వైపు గట్టిగా, పక్కల ఓ మాదిరిగా పట్టి, ముందు వైపు కాగితం ఊరికే జారింది. అంటే బల్ల ముందుకు వాలింది. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి బల్ల బిగింపు కింద పెట్టాం. మొదటి ముక్కతో చాలలేదు, రెండో ముక్కతో కాగితం నాలుగు వైపులా పట్టింది.

ఇక మోటారు. వోల్టేజి పడిపోయి బోరు మోటార్లు కాలిపోవడం మామూలైన చోట వైండింగు చేసేవాళ్లకు కొదవ లేదు. ఒకచోట ఇచ్చాం. చెప్పిన రోజుకు కాకుండా మూడు వారాలకు వచ్చింది. బిగించాం, అగరొత్తి వెలిగించాం, నిమ్మకాయ కోశాం. స్విచ్ వేస్తే స్పిండిల్ వెనక్కి తిరిగింది! బిట్టు ఇనుము మీద గిరగిరా తిరుగుతూ పాలిష్ పట్టింది తప్ప ఒక్క పొరక లేవలేదు. చుట్టూ చేరిన జనం నవ్వారు. త్రీ ఫేజు మోటారు కాబట్టి మూడు తీగల్లో ఏవైనా రెండింటిని అటూ ఇటూ మారిస్తే సరిపోయింది. నిమ్మకాయ మళ్లీ కోయలేదు.

బెల్టు గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. మోటారుకు ఒక మెట్ల పుల్లీ, స్పిండిల్‌కు తలకిందులుగా ఇంకో మెట్ల పుల్లీ. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. మోటారు వైపు రెండంగుళాల మెట్టు మీద, స్పిండిల్ వైపు ఐదంగుళాల మెట్టు మీద బెల్టు వేస్తే స్పిండిల్‌కు 576 చుట్లు వస్తాయి. మెత్తటి ఉక్కులో 12 మిల్లీమీటర్ల తూటుకు అది చక్కటి వేగం. అదే బెల్టును రెండో కొసకు మారిస్తే 3600. ఆ వేగంలో అదే బిట్టు రెండు నిమిషాల్లో నీలం తిరిగి పదును పోగొట్టుకుంటుంది. చిన్న తూటుకు ఎక్కువ వేగం, పెద్ద తూటుకు తక్కువ వేగం. ఇంత సులువైన సంగతిని మన షెడ్లలో ఎవరూ పాటించరు. మిషను కొన్నప్పుడు బెల్టు ఏ మెట్టు మీద ఉందో ఆ మెట్టు మీదే తెగిపోయే దాకా ఉంటుంది. బిట్లు నాసిరకం అని అంగడివాణ్ని తిడతారు. మామ కూడా ఇన్నేళ్లూ తిట్టినవాడే. ఇప్పుడు గోడ మీద సుద్దముక్కతో ఏ తూటుకు ఏ మెట్టో రాసి పెట్టుకున్నాడు.

ఇంకో రెండు మాటలు కూడా ఆ గోడ మీద ఉన్నాయి. లుంగీతో ముట్టుకోవద్దు. చేతికి గ్లౌజులు వద్దు. తిరిగే బిట్టు గుడ్డను పట్టిందంటే చేతిని కూడా పిలుచుకుపోతుంది. ముక్కను చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించాల్సిందే.

మొదటి గిరాకీ జూన్‌లో వచ్చింది. పక్క పల్లె రైతు గొర్రు చట్రం. జడ్డిగం గొట్టాలు, పళ్లు అన్నీ విప్పి తెచ్చాడు. పాత వంకర తూట్లన్నీ వదిలేసి, పక్కన కొత్తగా పద్దెనిమిది తూట్లు వేశారు. ఒక్కో తూటులోంచి రెండు పొరకలు జిలేబీ చుట్టల్లా సమంగా లేచాయి. బిట్టు రెండంచులూ సరిగ్గా కోస్తున్నాయనడానికి అదే గుర్తు. చివర్న బోల్టు తీసుకుని వదిలితే సుత్తి లేకుండా తనంతట తాను జారి, కింద రేకు మీద టంగుమంది. మామ ఆ బోల్టును తీసి మళ్లీ వదిలాడు, మళ్లీ విన్నాడు.

మిషను పూర్తయిందని మాత్రం ఇంకా చెప్పలేను. పైన పుల్లీల మీద ఉండాల్సిన పోత ఇనుప మూత ఎప్పుడో పోయింది. ప్రస్తుతానికి నూనె డబ్బా రేకుతో ఒక మూత చేసి పెట్టాం, అది గడగడలాడుతోంది. మధ్యలో ఐదంగుళాల మెట్ల పుల్లీ పట్టేంత గుంట, పక్కన కీలు ఉన్న పాత మూత మీ ఊరి పాత ఇనుము అంగట్లో ఎక్కడైనా కనిపిస్తే దయచేసి తూకంలో వేయనీకండి. పామిడిలో రోడ్డు మీద దిగి నీలం రంగు డ్రిల్లున్న షెడ్డు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు.